ఇలా మాత్రం వంగకూడదు

మార్చి 4

కొత్త కీలు పెట్టించుకుని నేటికి ఇరవై రెండు రోజులు. వాకరు పక్కన పెట్టి చేతికర్రతో వంటింటి దాకా వెళ్ళొచ్చాను. నేను పడితే పట్టుకుందామని మాస్టారు వెనకాలే నడిచారు. ఆ బక్క మనిషి నన్ను పట్టుకునేదేమిటి, ఇద్దరం కలిసి పడతాం. ఆ మాటే అన్నాను. అయినా చేతులు చాపుకునే నడిచారు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నా మాట విననిది ఇదొక్క విషయంలోనే.

ఎముకల ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఫిజియోథెరపిస్టుగా చేశాను. తుంటి మార్చిన వాళ్ళని మంచం దింపి నడిపించడమే నా పని. రిటైరయిన ఏడాదికి నా తుంటే అరిగి, అదే వార్డులో అదే మంచం ఎక్కాను. ఆపరేషన్ చేసిన సర్జన్ ఒకప్పుడు నా దగ్గరే పేషెంటుకి వాకరు ఎలా పట్టించాలో నేర్చుకున్నవాడు. వార్డంతా అతన్ని కోణాల డాక్టరంటారు. తుంటి బంతి తిరిగే కీలు గిన్నె ఎన్ని డిగ్రీల వాలులో కూర్చుందో మూడుసార్లు కొలుచుకుంటే గాని కుట్లు వేయడు.

ఇవాళ హెడ్ నర్సు ఫోన్ చేసింది. తుంటి మార్చుకున్న వాళ్ళకి నేను ఇదివరకు చెప్పిన క్లాసు మళ్ళీ నన్నే చెప్పమంటున్నారట. నేను వెళ్ళిపోయాక ఎవరు చెప్పినా జనం ఆవలిస్తున్నారట. కాసేపు ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి ఏముంది, ఎగిరి గంతేసేదాన్నే, తుంటి ఒప్పుకోదని ఊరుకున్నాను.

మార్చి 6

మాస్టారు ఇవాళ టేపు పట్టుకుని ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ కొలిచారు. ఈయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు గాని లెక్కలు ఈయన్నించి రిటైరవలేదు. నేను కూర్చునే సీటు యాభై సెంటీమీటర్లకి తగ్గకూడదని ఆసుపత్రి కాగితంలో ఉంది. ప్రతి దానికీ ఒక చీటీ అంటించారు. ఎత్తు కుర్చీకి "అనుమతి". సోఫాకి "నిషేధం". బూట్లు వేసుకోవడానికి వాడే పొట్టి స్టూలుకి "తీవ్ర నిషేధం". దాన్ని పడకగదిలో అలమారా వెనక దాచేశారు, అదేదో నన్ను పిలుస్తుందన్నట్టు.

మార్చి 8

క్లాసుకి ఒప్పుకున్నాను. పడకగది నిలువుటద్దం ముందు కొంచెం సాధన కూడా చేశాను.

నా క్లాసులో పద్ధతి ఒకటుంది. ఊరికే నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు. చేయకూడనివి చేసి చూపిస్తాను, తర్వాత చేయాల్సినవి. "ఇలా మాత్రం వంగకూడదు" అని నేను పొట్టి స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు దగ్గరికి పెట్టి, పాదం బయటికి తిప్పి, చెప్పు కోసం వంగితే అందరూ నవ్వేవారు. నవ్విన వాళ్ళకి గుర్తుంటుంది.

ఇవాళ చేయాల్సినవి అయ్యాయి. చేయకూడనివి రేపు.

మార్చి 9

ఊడింది.

మార్చి 11

కీలు ఎలా ఊడిందో రాసి పెట్టుకోవడం మంచిది. పడకగదిలో ఎత్తు కుర్చీలో కూర్చున్నాను. ఆపరేషన్ కాలు ముందుకి చాపి, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, లేచాను. టప్ మని చప్పుడు. కాలు పొట్టిదై లోపలికి తిరిగిపోయింది. మాస్టారు పక్కింటికి వెళ్ళారు, నా కేకకి పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత అంబులెన్సు, మత్తు. సర్జన్ బల్ల ఎక్కి నిలబడి మరీ లాగి బంతిని గిన్నెలో కూర్చోబెట్టాడట. నాకు తెలియదు, ఆ సమయంలో నేను హాయిగా ఉన్నాను.

మెలకువ వచ్చాక అడిగాడు, ఏం చేస్తుండగా జరిగిందని. కుర్చీలోంచి లేస్తుండగా అన్నాను. ఎక్కడైనా వంగారా మేడమ్ అన్నాడు. "నేనా?" అన్నాను. అది అబద్ధం కాదు. ప్రశ్న.

అతను నాలుక కరుచుకుని, మిమ్మల్ని అడిగానేమిటి నేను అనుకుంటూ వెళ్ళిపోయాడు.

మార్చి 12

ఎత్తు కుర్చీలోంచి లేస్తుంటే ఊడింది.

మార్చి 13

ఇంటికొచ్చాం. నడుముకీ తొడకీ కలిపి పట్టీ బిగించారు. మూడు వారాలు తీయకూడదు. దీన్ని వేసుకుని నడుస్తుంటే తలుపు తన చట్రంతో సహా షికారుకి బయల్దేరినట్టుంది.

పొట్టి స్టూలు అద్దం పక్క మూలలో ఎందుకు పడి ఉందని మాస్టారు అడిగారు. తుడిచేటప్పుడు జరిగిందేమో అన్నాను. మా ఇంట్లో తుడిచేది ఆయనే. కాసేపు బుర్ర గోక్కుని, తనే జరిపానేమో అనుకుని మళ్ళీ అలమారా వెనక పెట్టేశారు. పాపం.

మార్చి 21

అమ్మాయి ఫోన్ చేసి, నువ్వే ఏదో చేసుంటావమ్మా అంది. కన్నతల్లిని అనుమానించడం ఎక్కడ నేర్చుకున్నావే అన్నాను. నీ దగ్గరే అంది. దీన్ని కని ఉపయోగం లేదు.

ఏప్రిల్ 3

పట్టీ తీశారు. ఒళ్ళు తేలికగా ఉంది. కాళ్ళకి చెప్పులు మాస్టారే తొడుగుతున్నారు. కుడి చెప్పు ఎడమ కాలికి తొడిగి, ఎందుకు పట్టట్లేదో ఐదు నిమిషాలు తర్కించారు.

ఏప్రిల్ 6

మళ్ళీ.

ఏప్రిల్ 7

మళ్ళీ కుర్చీయే. హెడ్ నర్సుతో ఫోన్లో మాట్లాడాను. క్లాసులో ఏమేం చెబుతానో వివరంగా అడిగింది, చేయకూడనివన్నీ ఒక్కొక్కటే చెప్పాను. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత కుర్చీలోంచి లేచాను. ఫోన్ మాట్లాడటానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మాస్టారు స్నానానికి వెళ్ళారప్పుడు. తలకి సబ్బుతోనే వచ్చారు. అంబులెన్సు వాళ్ళు నన్ను కాకుండా ఆయన్ని ఎక్కించబోయారు.

ఏప్రిల్ 8

సర్జన్ ఒక పెట్టె పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చాడు. కళ్ళ కింద నలుపు. నిద్ర పోయినట్టు లేడు.

పెట్టెలో నమూనా కీళ్ళున్నాయి. నగల దుకాణంలో గాజులు చూపించినట్టు ఒక్కొక్కటే మంచం బల్ల మీద పెట్టాడు. నాకు వేసింది ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల బంతి. ఒళ్ళు పెద్దదే గాని ఎముకలు చిన్నవట, చిన్న ఎముకలో చిన్న గిన్నె, చిన్న గిన్నెలో చిన్న బంతి. బంతి చిన్నదయితే గిన్నె అంచు దాటడానికి కొద్ది దూరం జరిగితే చాలు. పైగా మనిషి ఎక్కువగా వంగితే బంతి కింద కాడ వచ్చి అంచుకి తగులుతుంది. చెంచాతో డబ్బా మూత లేపినట్టు అది బంతిని పైకి లేపేస్తుంది. ఇదంతా నేను ఇతరులకి వందలసార్లు చెప్పిందే. అయినా కొత్తగా వింటున్నట్టు ముఖం పెట్టి విన్నాను.

మీరు వంగలేదు కాబట్టి, అన్నాడు.

నేను వంగలేదు కాబట్టి తప్పు అతని లెక్కలో ఉండాలి. గిన్నె రెండు మూడు డిగ్రీలు నిటారుగా పడిందట. అంత తేడా మామూలేనట, ఇన్నేళ్ళలో దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదట. కానీ మామూలుగా లేచిన మనిషికి రెండుసార్లు ఊడిందంటే ఇక చూస్తూ ఊరుకోలేడు. మళ్ళీ కోసి ఆ గిన్నె తీసేసి వేరేది వేస్తాడు. అందులో చిన్న బంతి మీద ఇంకో పెద్ద ప్లాస్టిక్ బంతి తొడిగి ఉంటుంది, చిన్నది పెద్దదాంట్లో తిరుగుతుంది, పెద్దది గిన్నెలో తిరుగుతుంది. ఊడటం చాలా కష్టం. చేతిలో పెట్టాడు. భలే నునుపుగా తిరిగింది. బాగుందన్నాను, చీర ఎంచినట్టు.

"ఎముకలో పాతుకున్న గిన్నెని పెకలించాలి మేడమ్. మొదటిదానంత తేలిక కాదు. రక్తం పోతుంది, చీము పట్టే భయం ఎక్కువ. కానీ తప్పు నాది, దిద్దాల్సింది నేనే."

ఇరవై ఒకటో తారీఖు ఖాయం చేశాడు.

ఏప్రిల్ 10

ఇంట్లో ఉన్నాను, మళ్ళీ పట్టీతో.

మాస్టారికి సర్జన్ మాట రుచించలేదు. తన పద్ధతిలో తేల్చుకుంటానని పొద్దున్నించీ బల్ల దగ్గర కూర్చున్నారు. నా తొడ పొడవు, పిక్క పొడవు, ఎత్తు కుర్చీ కొలత, చేతులు ఆనించినప్పుడు ఒళ్ళు ఎంత ముందుకొస్తుంది, అన్నీ రాసుకున్నారు. మూడు కాగితాలు. చివరికి బడిలో సిద్ధాంతం రాయించినట్టే అందంగా ఎత్తి రాసి నాకిచ్చారు.

పైన "దత్తాంశం" అని, అంటే నిజమని ఒప్పుకుని మొదలుపెట్టేది, గీత గీసి: ఈమె యాభై రెండు సెంటీమీటర్ల కుర్చీలోంచి నియమం ప్రకారం లేచినది.

కింద నిరూపించాల్సిన "సారాంశం": కీలు అమరికలో దోషమున్నది.

ఆ కింద ఉపపత్తి, అంటే నిరూపణ, పటంతో సహా. పటంలో నేను మూడు గీతలు, ఒక సున్నా. అంత సన్నగా నన్ను ఎవరూ గీయలేదు. ఆ కుర్చీలోంచి లేస్తే నా తుంటి ఎనభై రెండు డిగ్రీలకి మించి వంగదని నిరూపించారు. ఎనభై రెండు డిగ్రీల దగ్గర ఆరోగ్యంగా కూర్చున్న బంతి ఊడదు. కాబట్టి అది ఆరోగ్యంగా కూర్చోలేదు. సర్జన్ చెప్పింది నిజమే, ఆపరేషన్ తప్పదు అని పెన్ను మూత పెట్టారు. వెంటనే ఆయన ముఖం వాడిపోయింది.

ఎక్కడైనా పొరపాటుందేమో చూడమన్నారు. చూశాను. లెక్కలో పొరపాటు లేదు.

ఏప్రిల్ 11

కొత్త కీలు పాతదానికన్నా మంచిది. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు మార్పించుకోవాల్సిందే. ఇప్పుడే అయితే పీడా పోతుంది. ఆలోచిస్తే ఇది మంచికే.

ఏప్రిల్ 12

మంచికేమిటి నా తలకాయ.

ఏప్రిల్ 14

మాస్టారు ఆసుపత్రికి సంచి సర్దుతున్నారు. ఇంకా వారం ఉందండీ అన్నాను. ముందుగా సర్దుకుంటే కంగారుండదన్నారు. కంగారుండదని చెప్పిన మనిషి నా చీరకి బదులు కిటికీ తెర మడిచి పెట్టారు.

సరే, రాస్తాను. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. దీని దగ్గర కూడా నెల రోజులుగా బొంకుతున్నానంటే నాకు సిగ్గుండాలి.

మార్చి తొమ్మిదిన అలమారా వెనక నుంచి పొట్టి స్టూలు లాగాను. అద్దం ముందు వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా పేషెంట్లు ఉన్నట్టే, "ఇలా మాత్రం వంగకూడదు" అని పెద్దగా అన్నాను. మోకాళ్ళు దగ్గరికి పెట్టాను, పాదం బయటికి తిప్పాను, చెప్పు కోసం వంగాను. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే వంగాను, నా సొంత తుంటితో. ఇప్పుడున్నది సొంతం కాదన్న సంగతి నా ఒంటికి ఎవరూ చెప్పలేదు. టప్ మంది. అద్దంలో నా ముఖం నాకే కనిపించింది, నోరు ఇంకా "కూడదు" దగ్గరే ఉంది.

చేత్తో స్టూలు దూరంగా తోసేశాను. అంత నొప్పిలోనూ మొదట చేసిన పని అదే. తర్వాతే కేక వేశాను.

రెండోసారి ఫోన్. నోటితో చెబుతుంటే నా ఒళ్ళు ఊరుకోదు. అటు హెడ్ నర్సుకి ఏమీ కనిపించదని తెలుసు. అయినా ఎత్తు కుర్చీలోనే కూర్చుని, పాదం బయటికి తిప్పి, నేల మీది చెప్పు అందుకోవడానికి ముందుకీ పక్కకీ వంగి మరీ చూపించాను. ఫోనుకి. ఒకసారి చేసిన బుద్ధితక్కువ పని రెండోసారి కూడా చేసిందంటే దాన్ని ఏమనాలి? పేషెంటయితే చెవులు మెలేసేదాన్ని.

ఎందుకు చెప్పలేదంటే, ముఖం చెల్లలేదు. వంగిన పేషెంట్లని వార్డంతా వినేలా తిట్టిన మనిషిని. పైగా క్లాసు. చేయకూడనివి చేసి చూపిస్తూ కీలు ఊడగొట్టుకున్న మనిషిని క్లాసు చెప్పమని ఎవరు పిలుస్తారు? మళ్ళీ పనికొచ్చానని ఎంత సంతోషపడ్డానో నాకే తెలుసు. దాన్ని పోగొట్టుకోవడం కన్నా ఇంకోసారి కోయించుకోవడమే తేలికనిపించింది. నిజంగా అలాగే అనిపించింది. అలా అనిపించినందుకు నాకే భయం వేసింది.

ఏప్రిల్ 15

చెప్పేశాను.

పొద్దున్నే సర్జన్ని చూడాలన్నాను. ఆపరేషన్ గురించి అనుకుని మాస్టారు తన మూడు కాగితాలూ వెంట తెచ్చుకున్నారు. గదిలోకి వెళ్ళగానే వాటిని సర్జన్ ముందు పరిచారు. అతను పటం చూసి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఇద్దరూ తలలు ఆనించి కోణాలు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను రెండుసార్లు దగ్గాను. మూడోసారి కర్రతో నేల మీద కొట్టాను.

"లెక్కంతా బాగానే ఉంది. మొదటి వాక్యమే అబద్ధం," అన్నాను.

ఇద్దరూ దత్తాంశం వైపు చూశారు. స్టూలు సంగతి, ఫోను సంగతి, మొత్తం చెప్పాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. సర్జన్ కాగితాలు పక్కకి జరిపాడు. పాదం ఎటు తిరిగింది, ఎంత వంగారు అని మాత్రం అడిగాడు. "ఇదిగో, ఇలా" అన్నాను.

ఇద్దరు మగవాళ్ళు బల్ల మీదుగా ఎలా దూకారో తెలియదు. ఒకరు కుడి భుజం, ఒకరు ఎడమ భుజం పట్టుకుని నన్ను కుర్చీకి అదిమేశారు. నేను అప్పటికే సగం వంగి ఉన్నాను. పట్టీ లేకపోతే మూడోది కూడా అయ్యేది, అదీ సర్జన్ కళ్ళ ముందే.

అప్పుడు నవ్వాడు ఆ అబ్బాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. క్షమించు బాబూ అన్నాను. అతను నా పక్కన కూర్చున్నాడు.

"ఐదు వారాలుగా నా చేతుల్ని నేనే నమ్మట్లేదు మేడమ్. నిన్న ఒక ఆపరేషన్లో గిన్నెని తొమ్మిదిసార్లు కొలిచాను."

తిట్టినా బాగుండేది. నా పరువు కాపాడుకుంటున్నాననుకున్నాను గాని, అది అతని నిద్రతో కాపాడుకున్నాను.

అలా వంగితే దేవుడు చేసిన కీలు తప్ప ఏదీ ఆగదన్నాడు. ఇరవై ఒకటి కొట్టేశాడు. కోయడం లేదు. ఆరు వారాలు పట్టీ, కండలు గట్టిపడే వ్యాయామం. మూడోసారి ఊడితే మాత్రం బంతి మీద బంతి తప్పదన్నాడు. క్లాసు సంగతి నేనే ఎత్తాను, వేరే ఎవరినైనా చూసుకోమన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు.

మాస్టారు ఇంటికొచ్చాక కూడా నాతో మాట్లాడలేదు.

ఏప్రిల్ 16

ఇవాళ కూడా మాట్లాడలేదు. చెప్పులు తొడిగారు, కాఫీ ఇచ్చారు, మాట లేదు. మధ్యాహ్నం నేనే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. కోపమొస్తే అరవండి, ఇలా బిగుసుకుపోతే నాకు భయమేస్తోంది అన్నాను.

"అరవడానికేముంది," అన్నారు. "లెక్కలో దత్తాంశాన్ని అనుమానించకూడదు. ఇన్నేళ్ళూ నువ్వేం చెప్పినా నేను దాన్ని ఆ గడిలోనే రాసుకున్నాను."

ఆయన చేయి పట్టుకున్నాను. ఇలాంటిది ఇంకోసారి చేయనన్నాను. చేస్తావు, కానీ చెప్పు, అన్నారు.

సాయంత్రం ఆ కాగితం తీసి దత్తాంశం కొట్టేసి కొత్తది రాశారు: ఈమె పొట్టి స్టూలు మీద కూర్చుని అద్దానికి పాఠం చెప్పినది. లెక్క మొత్తం మళ్ళీ చేశారు. నూట పద్దెనిమిది డిగ్రీలు. ఇంత వంగగలవని నాకు తెలియదే అన్నారు, కాస్త గర్వంగానే.

ఏప్రిల్ 24

హెడ్ నర్సు ఫోన్ చేసింది. క్లాసు నేనే చెప్పాలట, సర్జన్ పట్టుబట్టాడట. ఒకటే షరతు: క్లాసులో బొమ్మతో చూపించాలి, నాతో కాదు. మాస్టారు నా ఒళ్ళో రెండు దిండ్లు పెట్టి మరీ ఫోను చేతికిచ్చారు.

జూన్ 3

మొదటి క్లాసు. తుంటి మార్చుకున్న వాళ్ళు తొమ్మిది మంది వచ్చారు. టాక్సీ నడిపే ఆయన, ఒక బట్టలు కుట్టే ఆవిడ, ఇద్దరు అన్నదమ్ములు కూడా ఉన్నారు, ఒకరిది కుడి, ఒకరిది ఎడమ. సర్జన్ వెనక వరసలో నిలబడ్డాడు. మాస్టారు తలుపు పక్కన, నాకు రెండడుగుల దూరంలో.

బొమ్మ తీయకముందే చెప్పేశాను. నేను ఇక్కడ ముప్పై ఒక్క ఏళ్ళు ఈ క్లాసు చెప్పానని, రెండుసార్లు నా కీలు ఊడిందని, ఎలా ఊడిందో, దాన్ని ఎలా దాచానో, దాచినందుకు ఇంకాస్తయితే నన్ను అనవసరంగా మళ్ళీ కోసేవారని. మొదట ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చో లేదో తెలియలేదనుకుంటాను. ఫోనుకి వంగి చూపించానన్న చోట కుట్టే ఆవిడకి పొలమారింది. అంతే, గదంతా నవ్వింది.

తర్వాత ప్రతి క్లాసులోనూ అడిగే ప్రశ్నే అడిగాను. ఇంటికెళ్ళాక వంగకూడని విధంగా ఎవరైనా వంగారా, కూర్చోకూడని చోట కూర్చున్నారా? ఎన్ని వందలమందిని అడిగానో, ఒక్క చేయి లేచిన రోజు లేదు. లేదు మేడమ్, అన్నీ మీరు చెప్పినట్టే, అనేవారు. నేను బాగా చెప్పాను కాబట్టే అనుకునేదాన్ని. రిజిస్టరులో "అందరూ పాటిస్తున్నారు" అని రాసి సంతకం పెట్టేదాన్ని.

ఇవాళ టాక్సీ ఆయన చేయెత్తాడు. తర్వాత అన్నదమ్ములు, ఒకరినొకరు చూసుకుంటూ. తర్వాత కుట్టే ఆవిడ. వెనక నుంచి ఇంకో మూడు చేతులు. తొమ్మిది మందిలో ఏడుగురు. సర్జన్ జేబులోంచి పెన్ను తీశాడు.

నన్ను చూసి భయపడి నోరు మూసుకుని ఇంటికెళ్ళిపోయిన వాళ్ళందరినీ తలుచుకున్నాను. వాళ్ళ ముఖాలు కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. మంచినీళ్ళు తాగి, కుర్చీ ముందుకి లాక్కుని, ఒక్కొక్కరినీ చెప్పమన్నాను. గంట అనుకున్న క్లాసు మూడు గంటలు పట్టింది. ఒక్కరినీ తిట్టలేదు.